బంతి వెళ్ళిపోయాక

"ఆడి కంచం తియ్యమ్మా."

"తియ్యను."

"నువ్వు తియ్యకపోతే నేను తీస్తాను లా."

"తీసి సూడు."

మరిడమ్మ చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద చేపల పులుసు కుతకుతలాడుతోంది. ఆమె దాని మీంచి చూపు తిప్పలేదు. కూతురు భారతి భోజనాల బల్ల దగ్గర నిలబడి, ఐదో కంచం అంచు మీద వేలు పెట్టి ఉంది.

ఆ ఐదో కంచం కిశోర్‌కుమార్‌ది. మరిడమ్మకి కొడుకు, భారతికి తమ్ముడు. మలేసియాలో పెనాంగ్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. పోయిన శనివారం క్లాంగ్ మైదానంలో, వేలమంది చూస్తుండగా, సొంత బావ కాలు విరగ్గొట్టినవాడు.

ఆ బావ ముందు గదిలోనే మంచం మీద ఉన్నాడు. పేరు ఎఫ్రాయిన్. మెక్సికో నుంచి వచ్చి క్లాంగ్ జట్టుకి గోల్స్ మీద గోల్స్ కొట్టి, ఈ ఇంటికి అల్లుడైనవాడు.

"డాక్టర్ ఏటన్నాడో ఇన్నావు కదమ్మా? నడుస్తాడంట. ఇంక ఆడడంట. సీజను ఆఖర్న అందరికీ దండం పెట్టి తన కాళ్ళ మీద తను బయటికి నడిచొద్దామనుకున్నాడు. స్ట్రెచర్ మీద తీసుకొచ్చినారు. నీ కొడుకు సేసిన పని."

"నీకు తమ్ముడు కాడేటి?"

"కాడు."

మరిడమ్మ గరిటెని గిన్నె అంచుకి కొట్టి పక్కన పెట్టింది. "ఇద్దరూ నా కడుపునే పుట్టినారు. నువ్వు కాడంటే కాకుండా పోతాడేటి? ఆకలేసి వస్తాడు. తిన్నాక తిట్టుకో."

"అత్తా!" ముందు గదిలోంచి ఎఫ్రాయిన్ కేకేశాడు. "పులుసులో ఉప్పు సూసుకో. కోపంలో నువ్వు రెండుసార్లు ఏస్తావు."

మరిడమ్మ పెదవి కొనలో నవ్వు కదిలింది. కూతురు చూస్తుందని వెంటనే పొయ్యి వైపు తిరిగింది.

ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎఫ్రాయిన్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. మరిడమ్మ వంటింట్లో కూర్చుని నేర్చుకున్నాడు. అందుకే అతని తెలుగు అచ్చం మరిడమ్మ తెలుగే, ఆమె అమ్మమ్మ విజయనగరం వైపు నుంచి ఓడలో తెచ్చుకున్న తెలుగు. కన్నపిల్లలు సగం ఇంగ్లీషు, సగం తమిళం కలిపి, మాట చివర ఇక్కడందరూ అనే 'లా' తగిలించి జవాబిస్తుంటే, ఎక్కడివాడో అయిన అల్లుడు ఆమె మాటని ఆమెకి పూర్తిగా తిరిగి చెప్పేవాడు. ఎఫ్రాయిన్ అనడానికి నోరు తిరగక ఆమె అప్పారావు అంది. వీధి వీధంతా అప్పారావనే అంది.

భారతి ముందు గదిలోకి వచ్చింది. ఎఫ్రాయిన్ కాలు రెండు దిండ్ల మీద ఉంది. మోకాలి కింది నుంచి మడమ దాకా కట్టు. లోపల ఎముకకి కడ్డీ వేశారు.

"మూడింటికి కమిటీ వాళ్ళు వీడియోలో పిలుస్తారు," అంది. "ఏటి చెప్తావు?"

"జరిగింది సెప్తాను."

"ఏటి జరిగింది?"

అతను కిటికీ వైపు చూశాడు. కంటైనర్ లారీ ఒకటి రేవు వైపు పోతోంది. అద్దం సన్నగా అదిరింది.

"నాను ఎగరలేకపోయినాను. కాలు అడ్డం వస్తే ఎగరాలి. చిన్నప్పట్నించీ అదే సేసినాను. ఆ రోజు ఒళ్ళు లెగలేదు. ముసిలోణ్ని అయిపోయినాను, భారతీ."

"అబద్ధం."

"అబద్ధం కాదు."

"సగం చెప్పి సగం మింగితే అబద్ధమే. బంతి ఉండగా తన్నినాడా, వెళ్ళిపోయాక తన్నినాడా? ఒక్క మాట చెప్పు."

ఎఫ్రాయిన్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. శనివారం నుంచి ఈ ప్రశ్నకి ఇదే జవాబు.

లీగ్ క్రమశిక్షణ కమిటీకి కావలసింది కూడా ఆ ఒక్క మాటే. ఆటలో పొరపాటున తగిలిందంటే చిన్న శిక్ష. కావాలని తన్నాడంటే ఏళ్ళ తరబడి నిషేధం. కిశోర్‌కి ముప్పై నిండాయి. ఈ వయసులో నిషేధం పడితే మళ్ళీ మైదానంలోకి రావడం ఉండదు.

ఎఫ్రాయిన్‌కి వచ్చిన మలయ్ భాష బజారు వరకూ సరిపోతుంది. ఇంత పెద్ద మాట తన సొంత భాష స్పానిష్‌లోనే చెప్తానన్నాడు. అతని దగ్గర స్పానిష్ నేర్చుకున్న భార్య అనువాదం చేస్తే అభ్యంతరం లేదనీ, అంతా రికార్డు చేసి తర్వాత సరిచూసుకుంటామనీ కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు.

"నువ్వు స్పానిష్‌లో చెప్పింది నేను మలయ్‌లో చెప్పాలి," అంది భారతి. "అబద్ధం నా నోటితో చెప్పించకు. అది మాత్రం సెయ్యలేను."

గేటు చప్పుడైంది.

మరిడమ్మ భర్త గోపాలకృష్ణ కారు దిగాడు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటులో పుట్టి, చెప్పుల్లేని కాళ్ళతో ఎస్టేటు జట్టుకి ఆడినవాడు. శనివారం అతను స్టాండులోనే ఉన్నాడు. ఇంటికి వచ్చినప్పట్నించీ ఆ ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బస్ స్టాండుకి వెళ్ళి, పెనాంగ్ బస్సు దిగిన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు.

కిశోర్ గేటు బయటే ఆగిపోయాడు. భారతి మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"ఎందుకొచ్చినావు?"

"అక్కా..."

"అలా పిలవకు."

"తప్పుకో అమ్మా," అన్నాడు గోపాలకృష్ణ.

"నాన్నా, నువ్వు కూడానా?"

ముసలాయన కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు. గేటు వైపు తిరిగి కొడుకుని లోపలికి రమ్మని సైగ చేశాడు.

"ఎవురది? బామ్మర్దేనా?" లోపలినుంచి ఎఫ్రాయిన్ గొంతు. "ఎండలో నిలబెట్టకండి లా!"

కిశోర్ బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. మంచం దాకా వచ్చాడు గాని ఆ కట్టు చూశాక తల పైకెత్తలేకపోయాడు.

"కూకో," అన్నాడు ఎఫ్రాయిన్.

కిశోర్ కూర్చోలేదు. "బావా, నేను కమిటీకి చెప్పేస్తాను. నువ్వేం కవర్ చెయ్యొద్దు."

"ఏటి సెప్పేస్తావు?"

"బాల్ పోయింది. నాకు తెలుసు. తెలిసే వచ్చినాను."

వంటింటి గుమ్మంలో మరిడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిశోర్ నేల చూస్తూనే మాట్లాడాడు. మాట మాటకీ తెలుగు వెతుక్కున్నాడు. "మ్యాచ్ అంతా వెనకాల్నించి అరుస్తానే ఉన్నారు. మా సపోర్టర్లే. బావకి దారి ఇస్తన్నాడు, అక్క మొగుడికి గోల్ ఇస్తన్నాడు అని. నువ్వు ఒక గోల్ కొట్టినావు. ఇంక మా బెంచి కూడా నన్నే చూసింది. రెండోసారి నువ్వు వస్తంటే... నువ్వు కనపడలేదు బావా. ఆ అరుపే వినపడింది."

భారతి శనివారం నుంచి అడుగుతున్న మాట ఇదే. తీరా విన్నాక మంచం వైపు తిరిగింది.

"ఇన్నావా?" అంది భర్తతో. "వాడే ఒప్పుకున్నాడు. ఇంకా నేనే ఎగరలేదంటావా?"

"అదీ నిజమే. ఇదీ నిజమే."

"నాను సూసినాను," అన్నాడు గోపాలకృష్ణ.

అందరూ అటు తిరిగారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో కారు తాళాలతో.

"బంతి పోయినాకే తన్నినాడు. నా కొడుకే, నా కళ్ళతోనే సూసినాను. ఇంటికొచ్చి సెప్పడానికి నోరు రానేదు." ఆయన గుటక మింగాడు. "అయితే ఆ తరవాత ఏటయిందో కూడా సూసినాను. అది నీకు ఎవుళూ సెప్పనేదమ్మా."

ఆ శనివారం భారతి రేవులో, షిప్పింగ్ ఆఫీసులో పనిలో ఉంది. సరాసరి ఆస్పత్రికే వెళ్ళింది.

"అప్పారావు పడగానే అందరూ అందరి మీదా పడ్డారు. మనోళ్ళు ఈడి కాలరు పట్టుకున్నారు. ఎవుడో వీపు మీద గుద్దినాడు. ఈడు కదల్నేదు. మోకాళ్ళ మీద కూకుని, రెండు సేతుల్తో ఆ కాలు గడ్డి మీద అలాగే పట్టుకున్నాడు. 'కదపకండి, ఎవుళూ ముట్టుకోకండి' అని ఒకటే అరుపు. తెలుగులో అరిసినాడమ్మా. ఆ మైదానంలో ఎవుడికి అర్తమౌద్ది? గుద్దుతున్నా ఇడవనేదు. డాక్టరొచ్చి సెయ్యి తీయించేదాకా ఇడవనేదు."

కిశోర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

"ఆస్పత్రిలో డాక్టర్ అడిగినాడు, ఎవురు పట్టుకున్నారని," అన్నాడు ఎఫ్రాయిన్ నెమ్మదిగా. "కదిలుంటే ఇరిగిన ఎముక నరాన్ని కోసేసేదంట. కాలే ఉండేది కాదన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆడి పేరు ఎత్తితే నువ్వు గదిలోంచి ఎల్లిపోయినావు కదా."

అది నిజమే.

ఎఫ్రాయిన్ చెయ్యి చాపి కిశోర్ మణికట్టు పట్టుకుని మంచం అంచు మీద కూర్చోబెట్టాడు.

"నాను ఈ దేశం వచ్చిన కొత్తలో ఎలాగున్నానో మీకు తెల్దు," అన్నాడు. "మెక్సికోలో, మాన్సనీయో రేవులో మా నాన్న ఓడల్లోంచి సరుకు దించేవాడు. నాను కుర్రోడిగా ఉన్నప్పుడే చిన్న జట్టులో పడ్డాను. గోల్స్ వచ్చినాయి. ఎలా వచ్చినాయంటే ఏటి సెప్పను, నాను కొట్టినట్టే ఉండేది కాదు. ఒక ఏడు లీగ్ మొత్తానికి నావే ఎక్కువ. దేశం జట్టుకి పిలిసినారు. బెంచీ మీద కూకోబెట్టినారు, తిరిగి పంపినారు. తరవాత మోకాలు పోయింది. తరవాత ఫోన్లు ఆగిపోయినాయి. మలేసియా అని ఒక ఏజెంటు అంటే మేపులో ఎతికినాను. ఇక్కడ దిగి రేవులో క్రేన్లు సూస్తే, ఓరి, మా ఊరికే వచ్చేసినానేటి అనుకున్నాను."

మరిడమ్మ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

"కానీ గోల్ నేదు. మాట నేదు. హోటలు గదిలో తలుపేసుకుని కూకున్నాను. పెట్టె సర్దేసినాను. అప్పుడు తలుపు కొట్టినోడు ఎవుడు? అప్పట్లో మా క్లాంగ్ రిజర్వు జట్టులోనే ఉన్న ఈ గుంటడు. 'అన్నా, మా ఇంటికి రా' అన్నాడు. వస్తే, అత్త మెట్ల మీద కూకుని పచ్చి మావిడికాయ కోసి, ఉప్పూ కారం అద్దుతోంది. మా అమ్మ కూడా అచ్చం అలాగే అద్దుద్ది. ప్లేటు మొత్తం నానే తినేసినాను."

"నాకు ఒక్క ముక్క మిగల్చనేదు," అంది మరిడమ్మ.

"ఆ వారం ఆటలో రెండు గోల్స్ కొట్టినాను. మరి ఆగనేదు. ఇక్కడ నాను కొట్టిన ప్రతి గోల్ ఎనకాలా ఈ ఇంటి అన్నం ఉంది. ఈ ఇంట్లో నువ్వు కనపడ్డావు, భారతీ. ఆ తలుపు ఆడు కొట్టకపోతే నాకు నువ్వూ నేవు, ఏటీ నేదు." అతను కట్టు వైపు చూపించాడు. "ఇది బాధే. నాకు ఏడుపు రావట్లేదనుకున్నావేటి? వస్తోంది. అయినా లెక్క తీస్తే, ఆడు నాకు ఇచ్చిందే ఎక్కువ. తీసుకుంది ఇదొక్కటే."

గోడ గడియారం వైపు భారతి చూసింది.

"మూడవుతోంది," అంది. "నాన్నా, వాణ్ని వంటింట్లోకి తీసుకెళ్ళు. వీళ్ళిద్దరూ వేరు వేరుగా మాట్లాడాలన్నారు."

లాప్‌టాప్‌ని స్టూలు మీద పెట్టింది. తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో తలకి గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ, గొంతు మెత్తన. ఆవిడే అధ్యక్షురాలు. కాలు ఎలా ఉందని అడిగింది, త్వరగా నయం కావాలంది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

"ఆ ఆటగాడు మిమ్మల్ని తాకినప్పుడు బంతి మీ దగ్గరుందా?"

భారతి స్పానిష్‌లో చెప్పింది. చెప్పి, భర్త నోటి వైపు చూసింది. ఎగరలేకపోయానంటాడు, అనుకుంది.

"లేదు," అన్నాడు ఎఫ్రాయిన్. "బంతి వెళ్ళిపోయింది. అతనికి తెలుసు."

భారతి వంటింటి వైపు చూసింది. వంటింట్లో వాళ్ళు వింటున్నారని తెలుసు. మలయ్‌లో చెప్పింది. అధ్యక్షురాలు ఏదో రాసుకుంది.

ఎఫ్రాయిన్ ఆపలేదు. భార్యకి అందేలా ఒక్కొక్క వాక్యమే చెప్పాడు.

"నన్ను చాలామంది తన్నారు. మెక్సికోలో తన్నారు, ఇక్కడ తన్నారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తులేవు. తన్నిన తర్వాత ఆగి నా కాలు పట్టుకున్నవాడు ఇతనొక్కడే. ఆ కాలు ఇవాళ ఉందంటే ఆ చేతుల వల్లే. తప్పు రాసుకుంటే అది కూడా రాయండి."

భారతి చెప్పింది.

"శిక్ష వెయ్యొద్దని అడగను. వెయ్యండి. కానీ ఆటలోంచి పూర్తిగా తీసెయ్యకండి. నన్ను ఎలా ఆపాలో అతనికి నేర్పింది నేనే. ప్రాక్టీసు అయ్యాక ఇద్దరమే మిగిలి, చీకటి పడేదాకా. నాకు ఇంకా ఆట మిగిలి ఉందంటే అది అతని దగ్గరే."

భారతి అది కూడా మలయ్‌లో చెప్పింది. ఇంతసేపూ ఆమె 'ఆ ఆటగాడు' అనే అంటోంది. తమ్ముడి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

"మీకూ అతనికీ వ్యక్తిగతంగా ఏమైనా విరోధం ఉందా?" అని అడిగింది అధ్యక్షురాలు.

ఎఫ్రాయిన్ రెండే మాటలన్నాడు. "మి ఎర్మానో."

నా తమ్ముడు.

భారతి నోరు తెరిచి ఆగిపోయింది. అనువాదం చేసేవాళ్ళు అవతలి మనిషి మాటని తమ మాటలాగే చెప్పాలి. అతను 'నా' అంటే తనూ 'నా' అనాలి. వేరే దారి లేదు.

"పువాన్?" అని మర్యాదగా పిలిచింది అధ్యక్షురాలు. "వినపడలేదమ్మా."

"అదిక్ సయా," అంది భారతి. నా తమ్ముడు.

వంటింట్లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసింది. "ఇది మీ ఆయన మాటా, మీ మాటా?"

భారతికి కళ్ళు మసకబారాయి. "ఇద్దరిదీ," అంది.

కమిటీ కిశోర్‌తో కూడా మాట్లాడింది. అతను లాప్‌టాప్‌ని వెనక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసుకుని మాట్లాడాడు. ఎక్కువసేపు పట్టలేదు. నిర్ణయం తర్వాత తెలియజేస్తామన్నారట.

అతను బయటికి వచ్చేసరికి మరిడమ్మ అల్లుడి తల దగ్గర కూర్చుని వెంట్రుకలు సవరిస్తోంది. గోపాలకృష్ణ చొక్కా పై గుండీ విప్పుకుని, ఫ్యాను కింద చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు కూర్చున్నాడు. భారతి తమ్ముడికి ఎదురు వెళ్ళలేదు గాని, వెళ్ళిపొమ్మనీ అనలేదు.

"ఏటన్నావు?" అడిగాడు ఎఫ్రాయిన్.

"ట్రూతే చెప్పినాను." కిశోర్ ముఖం తేలికపడి ఉంది. "ఇంకొకటి కూడా చెప్పినాను బావా. వాళ్ళు ఎంత వేసినా నాకు ఓకే. నేను ఆపేస్తన్నాను. కోచ్‌కి పొద్దున్నే చెప్పేసినాను. నువ్వు లేని గ్రౌండులోకి నేను ఎలా వెళ్తాను?"

మరిడమ్మ చెయ్యి అల్లుడి నుదుటి మీదే ఆగిపోయింది.

"ఏటన్నావు?"

రెండోసారి ఎఫ్రాయిన్ నోట అదే మాట. గొంతు మాత్రం వేరు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు.

"బావా, నేను..."

"ఆళ్ళ ముందు నాను ఏటి అడిగినాను? నాకోసం అడిగినానా? పెళ్ళాం నోటితో అడిగించినాను. ఆణ్ని ఇంకా ఆడుకోనివ్వండి అని. నువ్వు పొద్దున్నే వద్దని వచ్చినావా?" మోచేతుల మీద లేవబోయాడు. నొప్పికి పళ్ళు కరుచుకున్నాడు. "నాకు ఇంక ఆడే కాలు నేదు. నీకు రెండున్నాయి. ఉన్నోడివి ఇప్పి పడేస్తావేటి, సెప్పుల్లాగా?"

"అప్పారావూ, పడుకో నాయనా," అంది మరిడమ్మ.

"నన్ను తన్నినందుకు నాకు కోపం రానేదు," అన్నాడు ఎఫ్రాయిన్. "ఇప్పుడొచ్చింది." ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

కిశోర్ తండ్రి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. చివరికి అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు చెప్పు. నువ్వు ఆడమంటే ఆడతాను. మానమంటే మానేస్తాను."

పొద్దున అడిగుంటే భారతి తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు తమ్ముడి చేతుల వైపు చూసింది. వీపు మీద దెబ్బలు పడుతున్నా వదలని చేతులు.

"నన్నడగకు," అంది. "సోమవారం కట్టు మార్చాలి. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నాన్న వల్ల కాదు, నా వల్ల కాదు. నువ్వుండి కారెక్కించు. ఆ కాలు ఎలా పట్టుకోవాలో ఈ ఇంట్లో నీకొక్కడికే తెలుసు. దార్లో ఆయన్నే అడుగు."

"బావ మాట్లాడతాడా?"

"నాకు తెలియదురా," అంది భారతి. 'రా' అన్న ఆ పిలుపు శనివారం తర్వాత మొదటిసారి ఆమె నోట వచ్చింది.

కిశోర్ మంచం అటువైపుకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జారిన దిండుని బావ మడమ కింద మెల్లగా సర్దాడు.

ఎఫ్రాయిన్ కాలు కదపలేదు. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు.